పాత బాకీ సంగతి దాస్తే గృహరుణం వస్తుందా?

గృహరుణానికి దరఖాస్తు పెట్టబోయేవారికి చుట్టూ ఉన్నవాళ్లు తరచూ ఇచ్చే సలహా ఒకటుంది: ‘పాత క్రెడిట్ కార్డు గొడవ నువ్వుగా ఎత్తకు. అడిగితే అప్పుడు చూద్దాం.’ మంచి మనసుతో చెప్పే మాటే. కానీ అసలుకే ఎసరు పెట్టేది ఈ మాటే.

అపోహ: మనం చెప్పకపోతే బ్యాంకుకు తెలియదు.

ఫారంలో పాన్ నంబరు రాసి సంతకం పెట్టాక దాచడానికి మిగిలేది చాలా తక్కువ. 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం కింద బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ దగ్గర అప్పు తీసుకున్నవారి లెక్కలను క్రెడిట్ బ్యూరోలకు పంపాలి. దేశంలో ఇవి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలన్న నిబంధనను రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో అమల్లోకి తెచ్చింది. సిబిల్ నివేదికలో ఒక్కో ఖాతాకు 36 నెలల చెల్లింపుల తీరు ఉంటుంది. ఏ నెల వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో తెలిసిపోతుంది. ఫోన్ యాప్‌లో తీసుకున్న చిన్న అప్పులనూ బ్యూరోలకు తెలపాలని 2022లోనే ఆదేశాలు వచ్చాయి.

నివేదిక చెప్పలేనిది ఒక్కటుంది: కట్టలేకపోవడానికి కారణం. రెండేళ్ల కిందట తండ్రి గుండె ఆపరేషన్‌కు చేతిలోని డబ్బంతా పెట్టి, నాలుగు నెలలు కార్డు బిల్లు కట్టలేకపోయిన ఉద్యోగిని ఊహించుకుందాం. కాగితం మీద అతనికీ, ఎగ్గొట్టే అలవాటున్నవాడికీ తేడా కనబడదు. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ఆ తర్వాత క్రమంగా కట్టిన రసీదులు, జరిగింది వివరిస్తూ ఒక పేజీ లేఖ జతచేస్తే ఆ తేడా కనబడుతుంది. లోన్ ఆఫీసరు తేల్చుకోవాల్సింది అదే: ఇది ఒకసారి వచ్చిన కష్టమా, అలవాటా? ఆ ప్రశ్నకు జవాబు దరఖాస్తుదారు దగ్గరే ఉంది. ముందే చెప్పినవాడి మాటకున్న విలువ, పట్టుబడ్డాక చెప్పినవాడి మాటకు ఉండదు.

అపోహ: సెటిల్ చేసుకున్నాం కాబట్టి బాకీ తీరిపోయింది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లక్షా ఇరవై వేల కార్డు బాకీకి రికవరీ ఏజెంటు ‘డెబ్బై వేలు కట్టండి, ముగించేద్దాం’ అంటాడు. కట్టినాయన ఊపిరి పీల్చుకుంటాడు. నివేదికలో మాత్రం ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని చేరుతుంది. కొత్త బ్యాంకు దాన్ని మిగతా యాభై వేలు రాని అప్పుగానే చూస్తుంది. పైగా వ్యవసాయేతర రుణాల్లో ఇలా రాజీపడిన వ్యక్తికి కనీసం 12 నెలలు గడవనిదే మళ్లీ అప్పు ఇవ్వకూడదని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. స్తోమత కుదిరాక మిగిలిన సొమ్ము కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చమని పాత బ్యాంకును రాతపూర్వకంగా కోరవచ్చు. ఇంటి కల ఉన్నవారు ముందుగా పూర్తిచేయాల్సిన పని ఇది.

‘రైట్ ఆఫ్’ కూడా మాఫీ కాదు. అది బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు. బాకీ అలాగే ఉంటుంది. మూడేళ్లు దాటితే అప్పు చెల్లదన్న మాట కూడా వినబడుతుంటుంది. మూడేళ్ల గడువు మామూలుగా కోర్టులో దావా వేయడానికి సంబంధించినది. దానితో సంబంధం లేకుండా బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలి.

బావమరిది బండి లోనుకు పెట్టిన హామీ సంతకమూ లెక్కలోకి వస్తుంది. అతను వాయిదాలు ఎగ్గొడితే ఆ మచ్చ హామీదారు నివేదికలోనూ కనిపిస్తుంది.

అపోహ: ఒకసారి తప్పితే ఇక ఇల్లు కొనలేం.

ఈ భయమే మనుషుల్ని అబద్ధాలవైపు నెడుతోంది. రుణానికి కనీసం ఇంత క్రెడిట్ స్కోరు ఉండాలని రిజర్వు బ్యాంకు ఏదీ నిర్ణయించలేదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ లోక్‌సభకు తెలిపింది. ఎవరికివ్వాలన్నది ఆయా బ్యాంకుల విధానం. వడ్డీ కాస్త ఎక్కువ పడవచ్చు, అడిగినంత రాకపోవచ్చు, సహదరఖాస్తుదారు కావాలనవచ్చు. తలుపు మాత్రం శాశ్వతంగా మూసుకుపోదు. నకిలీ జీతం స్లిప్పు పెడితే సంగతి వేరు. అప్పుడది తిరస్కరణతో ఆగదు, క్రిమినల్ కేసుదాకా వెళ్లవచ్చు.

‘డబ్బిస్తే సిబిల్ క్లీన్ చేస్తాం’ అనే ఏజెంట్లను దరిచేరనివ్వకూడదు. అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరించకుండా బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు. నిజంగానే తప్పు పడి ఉంటే ఫిర్యాదు ఉచితం. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలి. అప్పటికీ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ప్రతి బ్యూరో ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తుంది. సొంత నివేదిక చూసుకుంటే స్కోరు తగ్గదు. ఇల్లు చూసి అడ్వాన్సు ఇవ్వకముందే ఆ నాలుగూ తెప్పించుకుని చదవండి. అందులో ఏది ఇబ్బందిగా తోస్తే, బ్యాంకులో ముందుగా దాని గురించే చెప్పండి.