మూడో డబ్బా

మా ఇంట్లో నాకొక చెడ్డపేరు వుంది, ఏ పని చెప్పినా "తర్వాత చూద్దాం" అంటానని. ఫ్యాను రెక్క ఊగుతోందన్నా అదే జవాబు, బీరువా తాళం పట్టేసిందన్నా అదే జవాబు. అటువంటివాడి చేతికి, "తర్వాత" అనే మీట తయారుగా అమర్చి వున్న ఫోనొకటి వచ్చింది. ఇంక చెప్పేదేముంది! బ్రౌజరుకు కొత్త మరమ్మతు వచ్చింది, వేసుకుంటారా అని అది వినయంగా అడిగేది. నేనూ అంత వినయంగానే "తర్వాత" మీద వేలు పెట్టేవాణ్ణి. ఇలా నెల్లాళ్ళు గడిచాయి.

మొన్న ఆదివారం ఈ సంగతి మా అమ్మాయి కంటబడింది. అది ఇంజనీరింగు చదువుతోంది.

"ఏం నాన్నా, నెల్లాళ్ళ నుంచీ వీధి తలుపు తీసిపెట్టి నిద్రపోతున్నావా?" అన్నది.

"తలుపేమిటే? నా మానాన నేను పేపరు చదువుకుంటున్నాను. ఎక్కడా ఏ చిల్లూ కనబడలేదే!"

"కనబడే చిల్లయితే నువ్వే పూడ్చుకునేవాడివి. ఇది జ్ఞాపకంలో పడ్డ చిల్లు."

నేను ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకుని బతికేవాణ్ణి. యంత్రానికి జ్ఞాపకమేమిటో, దానికి చిల్లు పడడమేమిటో బొత్తిగా తలకెక్కలేదు. అమ్మాయి గంటసేపు ఓపికపట్టి చెప్పింది. తీరా అర్థమయ్యాక చూస్తే, ఆ చిల్లును నేను చిన్నప్పుడే మా నాయనమ్మ వంటింట్లో చూసి వున్నాను!

నాయనమ్మ వంటింటి గోడకు రెండు చెక్క అరలు వుండేవి. పై అరలో వరసగా డబ్బాలు. ఎడమనుంచి మూడోది ఉప్పుడబ్బా. మా నాన్నగారికి రాత్రి పడుకోబోయే ముందు గ్లాసుడు మజ్జిగ తాగే అలవాటు. దీపం కూడా వేసుకునేవారు కారు. చీకట్లోనే చెయ్యి చాచి, మూడో డబ్బాలోంచి చిటికెడు ఉప్పు తీసి మజ్జిగలో వేసుకునేవారు. కళ్ళతో పని లేదు, చోటు చేతికే తెలుసు. ఒకనాడు నాయనమ్మ ఆ డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి మళ్ళీ అక్కడే పెట్టింది. ఖాళీ డబ్బా కనబడింది గదా అని మా పిన్ని అందులో చాకలి సోడా పోసింది. డబ్బా కడగడం నాయనమ్మ తప్పు కాదు. ఖాళీగా వున్నదాన్ని వాడుకోవడం పిన్ని తప్పూ కాదు. నాన్నగారి చేతికి మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు. ఆ రాత్రి మజ్జిగ తాగి ఆయన పెట్టిన మొహం ఇప్పటికీ మా ఇంట్లో కథగా చెప్పుకుంటారు.

బ్రౌజరులో జరిగేదీ ఇదేనట. మనం ఒక పేజీ తెరిస్తే, అది అక్షరాలనూ బొమ్మలనూ మాత్రమే కాక, చిన్న చిన్న ప్రోగ్రాములను కూడా వెంట తెస్తుంది. వాటి సరుకు పెట్టుకోవడానికి బ్రౌజరు ఫోను జ్ఞాపకంలో డబ్బాలు కేటాయిస్తుంది. ప్రతి డబ్బాకూ ఒక నంబరు. పని తీరిపోగానే డబ్బా ఖాళీ చేసి ఇంకొకరికి ఇస్తుంది. కనురెప్ప పాటులో ఇలాంటివి వేలకు వేలు జరుగుతాయి. అయితే ఖాళీ అయిపోయిన డబ్బా నంబరును ప్రోగ్రాములో ఏదో ఒక మూల ఇంకా పట్టుకుని వుందనుకోండి, అదే మా నాన్నగారి చెయ్యి! చాలాసార్లు పెద్ద ప్రమాదమేమీ జరగదు. బ్రౌజరు టక్కున మూసుకుపోతుంది, మనం విసుక్కుని మళ్ళీ తెరుస్తాం.

కాని ఒక దొంగ, ఆ చెయ్యి ఏ వేళకు ఏ డబ్బా మీదికి పోతుందో కనిపెట్టి, అంతకు ఒక్క క్షణం ముందు తనకు కావలసినది అందులో పోసిపెట్టాడనుకోండి. బ్రౌజరు దాన్ని తన సరుకే అనుకుంటుంది. దొంగ రాసిపెట్టిన ఆజ్ఞలను తన ఆజ్ఞలనుకుని అమలు జరుపుతుంది.

"ఇదంతా వూహేనా, ఎక్కడైనా జరిగిందా?" అని అడిగాను. అప్పుడు అమ్మాయి చెప్పిన వృత్తాంతం ఇది.

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో అహ్మద్ మన్సూర్ అని ఒక మానవహక్కుల కార్యకర్త వున్నాడు. 2015లో మార్టిన్ ఎన్నల్స్ బహుమానం పొందినవాడు. 2016 ఆగస్టు 10న ఆయన ఐఫోనుకు ఒక సందేశం వచ్చింది. మర్నాడు ఇంకొకటి. ఆ దేశపు జైళ్ళలో ఖైదీలను పెట్టే చిత్రహింసల రహస్యాలు తెలుసుకోవాలంటే ఈ లింకు నొక్కండి అని వాటి సారాంశం. అటువంటి సంగతుల కోసమే పాటుపడే మనిషికి ఇంతకంటే మంచి ఎర ఏముంటుంది? కాని 2011లోనూ, 2012లోనూ కూడా గూఢచారి ప్రోగ్రాములతో ఆయనను వేటాడినవాళ్ళు వున్నారు. కాలిన చెయ్యి గనుక ఆయన నొక్కలేదు. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధనశాలకు ఆ సందేశాలు పంపించాడు.

అక్కడివారు వేరొక ఐఫోను తీసుకుని ఆ లింకు తెరిచారు. ఖాళీ పేజీ ఒకటి కనబడింది. కొద్ది సెకన్లకు సఫారీ బ్రౌజరు దానంతట అదే మూసుకుపోయింది. చూసేవాడికి అంతే! మనబోటివాళ్ళం "ఏదో పాడు లింకు" అనుకుని మరచిపోయేవాళ్ళం. ఆ కొద్ది సెకన్లలో ఫోను పరాధీనమైపోయింది. ల్యాబ్ వారూ, లుకౌట్ అనే భద్రతా సంస్థ వారూ కలిసి పరీక్షించగా, అందులో ఒకదాని వెంట ఒకటిగా మూడు చిల్లులను వాడుకున్నట్టు తేలింది. అంచేత దానికి ట్రైడెంట్ అని పేరు పెట్టారు. మన మాటలో చెప్పాలంటే త్రిశూలం.

మొదటి మొన సఫారీకి గుండెకాయ వంటి వెబ్‌కిట్‌లో దిగింది. పనికిరాని సరుకును వూడ్చి పారేయడానికి అందులో ఒక పనివాడి వంటి ఏర్పాటు వుంటుంది. ఇంకా వాడుకలో వున్న వస్తువులు కొన్ని వాడి జాబితాకు ఎక్కలేదు. వాడు వాటినీ వూడ్చేశాడు. పాత నంబరు మాత్రం మిగిలిపోయింది. మళ్ళీ మా మూడో డబ్బాయే! రెండో మొన, ఫోనుకు యజమాని వంటి మూలప్రోగ్రాము జ్ఞాపకంలో ఎక్కడ కూర్చుని వున్నదో ఆచూకీ తీసింది. మూడోది ఆ యజమాని మెడ మీదనే దిగింది. ఆ తరవాత లోపలికి వచ్చి కూర్చునేది పెగాసస్ అనే గూఢచారి. మాటలు వింటుంది, సందేశాలు చదువుతుంది, కెమెరా తెరుస్తుంది. దానిని తయారు చేసినది ఇజ్రాయెల్‌లోని ఎన్‌ఎస్‌ఓ గ్రూప్. నేరాలనూ ఉగ్రవాదాన్నీ అరికట్టడానికి ప్రభుత్వాలకు మాత్రమే అమ్ముతామని ఆ సంస్థ చెబుతుంది.

ఇటువంటి చిల్లుల విలువ ఎంతో తెలుసునా? అంతకు ముందటేడు, 2015లో, ఐఫోనులోకి ఇలా దూరే దారి చూపినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని జెరోడియం అనే వ్యాపారసంస్థ బాహాటంగా ప్రకటించింది.

యాపిల్ కంపెనీకి కబురు అందిన పది రోజుల్లో, 2016 ఆగస్టు 25న, మరమ్మతు విడుదలయింది. ఒక మనిషి వేలు ఆపుకున్నందువల్ల లోకంలోని ఐఫోనులన్నిటికీ తలుపు బిగించే అవకాశం దొరికింది. ఆ మనిషికి దొరికినదేమిటి? 2017 మార్చిలో ఆయనను అరెస్టు చేశారు. సామాజిక మాధ్యమాల్లో ఆయన రాసిన రాతలను నేరంగా ఎంచి 2018లో పదేళ్ళ జైలుశిక్ష విధించారు.

నేను కాసేపు మాట్లాడలేదు. తరవాత నా పక్షాన నేను వాదించుకున్నాను.

"అయితే గియితే ఆయనంతటివాడికి కాని, పాఠాలు చెప్పుకునే నా కోసం పది లక్షల డాలర్లు ఎవడు తగలేస్తాడే?"

"అప్పటి ధర అది, నాన్నా. మరమ్మతు వచ్చిన మర్నాటి ధర వేరు. గోడకు కొత్తగా సున్నం పూసిన చోటు చూస్తే చిల్లు ఎక్కడ వుండేదో ఎవరికైనా తెలిసిపోదూ? మరమ్మతుకు ముందూ వెనకా ప్రోగ్రామును పోల్చి చూసి, చిల్లు ఎక్కడో చిల్లర దొంగలు కూడా తెలుసుకోగలరు. వేసుకున్నవాడికి భయం లేదు. 'తర్వాత' అన్నవాడి ఇల్లే వాళ్ళకు కావాలి."

ఈ మాట నాకు గుచ్చుకున్నది. మరమ్మతు వచ్చిందంటే చిల్లు వున్నట్టు వూరంతా చాటింపు వేసినట్టే గదా! నా ఫోనులో నా జీతం జమ అయ్యే బ్యాంకు వుంది. మా ఆవిడ కరెంటు బిల్లూ, పాలవాడి బాకీ అందులోంచే కడుతుంది.

మరి ఇంత తెలివైనవాళ్ళు ఇన్ని తప్పులు ఎందుకు చేస్తారని అడిగాను. దోషం మనుషులది మాత్రమే కాదట, భాషది కూడానట. భాష మాట వచ్చేసరికి నేను సర్దుకుని కూర్చున్నాను. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి అనే కంప్యూటరు భాషను రూపొందించాడు. దానికీ, దాని సంతతికీ వేగం ఎక్కువ. అడ్డూ ఆపూ తక్కువ. ఏ డబ్బా ఖాళీ అయిందో, ఏ డబ్బాలో ఎంత పట్టునో రాసేవాడే గుర్తుంచుకోవాలి. బ్రౌజర్లు చాలామటుకు ఆ వంశపు భాషల్లోనే రాశారు. 1988 నవంబరులో మోరిస్ పురుగు అనే ప్రోగ్రాము వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు, అది దూరిన దారుల్లో ఒకటి, శేరు పట్టే పాత్రలో సవాశేరు పోసి పక్క పాత్రలోకి పొర్లించడమే. ముప్ఫై అయిదేళ్ళ తరవాత, 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ అనే రకం బొమ్మలను విప్పే ప్రోగ్రాములో ఇటువంటి పొర్లుడే బయటపడి క్రోమ్ మొదలైన బ్రౌజర్లన్నీ హడావిడిగా మరమ్మతు చేసుకున్నాయి. క్రోమ్‌కు మూలమైన క్రోమియం బృందం 2020లో లెక్క తీస్తే, తీవ్రమైన భద్రతాలోపాల్లో నూటికి సుమారు 70 ఈ జ్ఞాపకం తప్పులే! అందులో సగం మా మూడో డబ్బా కోవలోవి.

దీనికి విరుగుడు లేకపోలేదు. రస్ట్ అని ఒక భాష వచ్చింది. దాని మొదటి పూర్తి రూపం 2015లో విడుదలయింది. పాత నంబరు ఎవరి చేతిలోనయినా మిగిలి వుండగా డబ్బాను ఇంకొకరికి ఇవ్వబోతే, ఆ భాష ప్రోగ్రామును తయారే కానివ్వదు. "ముందు ఆయనకు కబురు చెప్పి రా" అని గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. ఆండ్రాయిడ్‌లో కొత్తగా రాసే భాగాలకు ఇటువంటి భాషలను వాడుతూ వచ్చినందువల్ల, 2019లో నూటికి 76గా వున్న జ్ఞాపకం తప్పుల వంతు 2024 నాటికి 24కు దిగిందని గూగుల్ ప్రకటించింది. పాతది మాత్రం కొండంత వుంది. అదంతా తిరగరాసే లోపల మనకు దిక్కు ఆ మరమ్మతులే.

అప్పటికప్పుడే మీట నొక్కాను. నెల్లాళ్ళు వాయిదా వేసిన పని నాలుగు నిమిషాల్లో పూర్తయింది. తరవాత మా అమ్మాయి ఇంట్లోని ఫోనులన్నీ ముందు వేసుకు కూర్చుంది. మా ఆవిడది సరిగానే వుంది. మా అమ్మది మరీ పాతది. దానికి మరమ్మతులు రావడం మానేసి చాలా కాలమయింది. పింఛను బ్యాంకు అందులోనే. అమ్మాయి ఆ బ్యాంకు వ్యవహారం తీసేసి, మాట్లాడుకోవడానికీ, ఫొటోలు చూసుకోవడానికీ మాత్రం వుంచింది.

"బాగా పనిచేస్తున్న ఫోనుకు ఏమొచ్చిందిరా?" అంది అమ్మ, కొంచెం చిన్నబుచ్చుకుని.

మూడో డబ్బా కథ చెప్పి, దానితో ఇదంతా వివరించాను. అంతా విని అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆ డబ్బాలో సోడా పోసింది మీ పిన్ని కాదురా," అన్నది నెమ్మదిగా. "నేనే. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."