మూలుగ చుక్కలో జబ్బు జాతకం

మైలవరం: మామిడి చెట్టు ఆకులోనూ, పూతలోనూ, కాయలోనూ ఉండే జన్యువులు ఒకటే. ఎక్కడ ఏ జన్యువు పనిచేస్తున్నదన్న దాన్ని బట్టే ఒకటి ఆకవుతుంది, ఒకటి కాయవుతుంది. ఇక్కడి తోటల్లో రోజూ కనిపించే ఈ కిటుకే ఒక రకం బ్లడ్ కేన్సర్ గుట్టు విప్పుతున్నది.

అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా దాని పేరు. ఎదగని తెల్లకణాలు ఎముకల మూలుగను నింపేస్తాయి. విడవని జ్వరం, నీరసం, చిగుళ్ల వెంట నెత్తురు దాని గుర్తులు. ఊళ్లో సూదిమందులతో వారాలు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జబ్బు అందరిలో ఒకేలా నడవదు. ఒకరికి మందులతో నయమవుతుంది, మరొకరికి తిరగబెడుతుంది. మూలుగలో ఎన్‌పీఎం1 జన్యువు మారి, ఎఫ్‌ఎల్‌టీ3 మారకుండా ఉంటే మందులకు లొంగే అవకాశం హెచ్చు. ఈవీఐ1 జన్యువు అతిగా పనిచేస్తుంటే జబ్బు మొండిదన్న మాటే. 2016లో టొరంటో పరిశోధకులు 17 జన్యువుల పనితీరును లెక్కగట్టి, జబ్బు ఎవరికి లొంగదో ముందే అంచనా కట్టే పద్ధతిని 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

జాతకమన్నా ఇది అంచనాయే. మంచి గుర్తులున్నవారికీ తిరగబెట్టవచ్చు. అయినా మందులతో సరిపెట్టాలా, అరెకరం అమ్మైనా మూలుగ మార్పిడికి పోవాలా అన్న ప్రశ్న ఇంటి ముందుకొచ్చిన నాడు, చేతిలో ఈ చీటీ ఉండటం వేరు, లేకపోవడం వేరు. మార్పిడికి ఒక్కో తోబుట్టువు మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. పరీక్షకు నమూనా మాత్రం కేన్సర్ మందు ఎక్కించక ముందే తీయించాలి. మందు పడి చెడ్డ కణాలు తగ్గాక ఆ గుర్తులు సరిగా దొరకవు.