టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ పెరిగినట్లా?

మూడు సంవత్సరాల క్రితం నేను చేసిన ఒక పొరపాటుతో ఈ వ్యాసాన్ని ప్రారంభించవలసి వస్తున్నది. నా అర్ధాంగి అప్పటికి ఆరేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నది. రోజుకు 75 మైక్రోగ్రాములు. ఏడాదికొకసారి చేయించే రక్తపరీక్ష రిపోర్టును ఆ సంవత్సరం నేనే తెచ్చాను. టీఎస్‌హెచ్ అన్న మాట కెదురుగా 14.2 అని, దాని పక్కన 'ఎక్కువ' అని సూచించే గుర్తు లావుగా అచ్చయి ఉన్నాయి. సాధారణ పరిమితి 4.5 లోపేనని కూడా వ్రాసి ఉన్నది. డాక్టరు గారు ఆ వారం ఊళ్ళో లేరు. "థైరాయిడ్ ఎక్కువైపోయింది, ఇకనుంచి మాత్ర సగమే వేసుకో" అని నేనే సలహా చెప్పాను. ఆమె నా మాట విన్నది.

రెండు నెలలు గడిచేసరికి ఆమె ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. మండుటెండల్లో కూడా దుప్పటి కప్పుకొనేది. ఫజ్ర్ వేళకు ఇంటిల్లిపాదినీ నిద్రలేపే మనిషి, మేము లేపినా లేవలేకపోయేది. దాన్ని మేము బద్ధకమనుకున్నాము. చివరికి మా చిన్నమ్మాయి "అబ్బా, అమ్మీ పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతోంది. ఎన్నడైనా ఇలా ఉన్నదా?" అని కన్నీళ్ళు పెట్టుకున్న తరువాతే డాక్టరు వద్దకు వెళ్ళాము. అప్పటికి ఆ అంకె 46కు చేరింది. ఆయన పాత రిపోర్టు, కొత్త రిపోర్టు రెండూ చూసి, "మౌలానా గారూ, అంకెను సరిగానే చదివారు. అర్థాన్ని మాత్రం తలక్రిందులుగా తీసుకున్నారు" అన్నారు.

ఒక పదానికి ముందు వెనుకలు చూడకుండా అర్థం చెప్పకూడదని నేను దాదాపు 30 ఏళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. ఆ నియమం నా ఇంటికి వచ్చిన ఒక్క కాగితం విషయంలో నాకు గుర్తు రాలేదు. మరొక ఇంట్లో ఇదే పొరపాటు జరగకూడదన్న ఉద్దేశంతో, ఆ తరువాత డాక్టరు గారిని అడిగి నేర్చుకున్న విషయాలను పాఠకుల ముందుంచుతున్నాను.

పిలిచే గొంతు, పలికే గొంతు

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి టీ4, టీ3 అనే రెండు హార్మోన్లను తయారుచేస్తుంది. ఒకదానిలో 4, మరొకదానిలో 3 అయోడిన్ పరమాణువులు ఉంటాయి గనుక వాటికా పేర్లు వచ్చాయి. గుండె వేగం, శరీరపు వేడి, జీర్ణక్రియ, జ్ఞాపకశక్తి ఇవన్నీ వాటిపై ఆధారపడి ఉన్నాయి. టీఎస్‌హెచ్ మాత్రం థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగు భాగాన ఉన్న పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌కు "పనిచెయ్యి" అని పంపే ఆదేశమది.

తరగతిలో కునుకుతున్న విద్యార్థిని ఉపాధ్యాయుడు పిలుస్తాడు. విద్యార్థి పలికితే గొంతు తగ్గిస్తాడు, పలకకపోతే పెంచుతాడు. టీఎస్‌హెచ్ ఉపాధ్యాయుని గొంతు, టీ4 విద్యార్థి గొంతు. కాబట్టి టీఎస్‌హెచ్ పెరిగిందంటే శరీరంలో థైరాయిడ్ హార్మోను చాలడం లేదని అర్థం. బాగా తగ్గిందంటే సాధారణంగా హార్మోను మోతాదు మించిందని అర్థం. టీ4 కొద్దిగా తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే డాక్టర్లు మొదట దానినే చూస్తారు.

రెండు అంకెలనూ కలిపి చదవాలి

పెద్దవారిలో టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుండి 4.5 వరకు, ఫ్రీ టీ4 డెసిలీటరుకు సుమారు 0.8 నుండి 1.8 నానోగ్రాముల వరకు ఉంటే సాధారణంగా పరిగణిస్తారు. ఈ హద్దులు ల్యాబును బట్టి కొంత మారుతాయి గనుక మీ రిపోర్టులో అచ్చయిన హద్దుతోనే పోల్చుకోవాలి. కొన్ని ల్యాబులు ఫ్రీ టీ4ను పికోమోల్‌లలో ఇస్తాయి. అప్పుడు అంకె దాదాపు 13 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. అది చూసి కంగారు పడనక్కరలేదు.

టీఎస్‌హెచ్ ఎక్కువగా, ఫ్రీ టీ4 తక్కువగా ఉంటే థైరాయిడ్ మందగించినట్లు. మాత్ర వాడేవారికైతే అది చాలడం లేదన్నట్లు.

టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి ఫ్రీ టీ4 సరిగానే ఉంటే, అది తొలి దశ కావచ్చు. సాధారణంగా రెండు మూడు నెలల తరువాత పరీక్షను మళ్ళీ చేయిస్తారు. టీఎస్‌హెచ్ 10 దాటినా, స్త్రీ గర్భవతి అయినా చికిత్స వైపు మొగ్గుతారు. వృద్ధులలో ఈ అంకె కాస్త ఎక్కువగా ఉండటం సహజమే. మాత్ర వాడేవారిలో ఇలా కనిపిస్తే మరొక కారణం కూడా ఉండవచ్చు. నెలంతా మాత్ర సరిగా వేసుకోక, పరీక్షకు ముందు నాలుగు రోజులు శ్రద్ధగా వేసుకుంటే టీ4 సర్దుకుంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం గడచిన వారాల సంగతి చెప్పేస్తుంది.

టీఎస్‌హెచ్ బాగా తక్కువగా ఉంటే, మాత్ర వాడేవారికి మోతాదు ఎక్కువైందని అనుమానించాలి. దీనిని ఉపేక్షిస్తే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. ముఖ్యంగా వయసు మళ్ళిన స్త్రీలు జాగ్రత్త వహించాలి.

ఫ్రీ టీ4 తక్కువగా ఉండి, టీఎస్‌హెచ్ మాత్రం పెరగకుండా ఉండటం అరుదు. అప్పుడు లోపం పిలవవలసిన పిట్యూటరీలోనే ఉండవచ్చు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన స్త్రీలలో ఇది కొన్నిసార్లు కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే ఈ జబ్బు దొరకదు.

యాంటీ టీపీఓ అనే పరీక్ష, శరీరపు రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేస్తున్నదా అన్నది చెబుతుంది. ఈ జబ్బును 1912లో జపాను వైద్యుడు హషిమోటో తొలిసారి వర్ణించాడు. దీనిని నిర్ధారించుకోవడానికి సాధారణంగా ఒక్కసారి చేయిస్తే చాలు.

అంకె ఎందుకు మారుతుంది?

నా అర్ధాంగి మాత్ర మారలేదు, కానీ అంకె 14కు పెరిగింది. ఎందుకు? డాక్టరు గారు ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మన్నారు. మోకాళ్ళ నొప్పులకని ఆమె కొన్ని నెలలుగా కాల్షియం బిళ్ళ వాడుతున్నది, అదీ పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి! కాల్షియం, ఐరన్ బిళ్ళలు థైరాయిడ్ మాత్రను పేగుల్లో సరిగా ఇంకనివ్వవు. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. డాక్టరు గారు మోతాదు పెంచలేదు. పాత 75 మైక్రోగ్రాములే తిరిగి మొదలుపెట్టించి, కాల్షియాన్ని రాత్రికి మార్చారు. రెండు నెలల తరువాత టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది.

మాత్రను పరగడుపున, మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుండి గంట వరకు టీ, కాఫీ, ఆహారం తీసుకోకూడదు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందులు కూడా దీని ప్రభావాన్ని తగ్గించగలవు. సీసాను వేడి, తేమ తగిలే వంటగదిలో ఉంచరాదు.

మోతాదు మార్చిన తరువాత ఆరు నుండి ఎనిమిది వారాలకు గాని పరీక్ష చేయించకూడదు. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది. తొందరపడి చేయిస్తే వచ్చే అంకె పాతకూ కాదు, కొత్తకూ కాదు. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కనుక ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఒకే ల్యాబులో, ఆనాటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వడం మేలు. జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వాడేవారు డాక్టరుకు చెప్పి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అవి ఫలితాన్నే తారుమారు చేయగలవు.

రమజాన్ మాసంలో

రమజాన్‌లో చాలామంది మాత్రను సహరీ భోజనంతో కలిపి వేసుకుంటారు, లేదా నెలంతా మానేస్తారు. రెండూ సరికాదు. సహరీకి అరగంట, వీలైతే గంట ముందే లేచి వేసుకోవచ్చు. అది కష్టమనిపిస్తే, భోజనం చేసి మూడు గంటలు గడిచాక, నిద్రకు ముందు వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా ప్రతిరోజూ అదే పాటించాలి. పరీక్ష కోసం కొద్దిపాటి రక్తం ఇచ్చినంత మాత్రాన ఉపవాసం భంగం కాదని హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. అయితే నీరసించే ప్రమాదం ఉన్నవారు ఇఫ్తార్ తరువాత ఇవ్వడమే మంచిది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట

పెళ్ళి సంబంధం తప్పిపోతుందని అమ్మాయి థైరాయిడ్ సంగతి దాచిపెట్టే ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. ఆ పిల్ల అత్తవారింట్లో మాత్రల సీసా బయటపెట్టలేక మానేస్తుంది. ఆ తరువాత గర్భం దాల్చుతుంది. తొలి నెలల్లో గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. గర్భవతి అయిన వెంటనే మోతాదు సాధారణంగా పావు వంతు లేదా అంతకంటే కొంచెం ఎక్కువే పెంచవలసి వస్తుంది. సగం నెలలు నిండేవరకు నాలుగు వారాలకొకసారి పరీక్ష అవసరం. దాచిన నిజానికి వెల చెల్లించేది పుట్టబోయే బిడ్డ.

"జీవితాంతం మాత్రా?" అని భయపడవద్దు. ఇది శరీరం తయారుచేసుకోలేకపోయిన దానిని తిరిగి అందించడమే. 1891లో ఇంగ్లండు వైద్యుడు జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారంతో ఒక స్త్రీకి చికిత్స ప్రారంభించగా, ఆమె మరో 28 ఏళ్ళు జీవించింది. అంతకుముందు ఈ జబ్బుకు మందే లేదు. నేడు ఒక చిన్న మాత్ర చాలు.

మా ఇంట్లో ఇప్పుడు రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైలులో ఉంటాయి. ప్రతి రిపోర్టు మీద ఆనాటి మోతాదు, వాడుతున్న ఇతర మందుల పేర్లు మా చిన్నమ్మాయి వ్రాసిపెడుతుంది. నేను వాటిని డాక్టరు గారి వద్దకు మోసుకుపోతాను. అర్థం మాత్రం ఆయననే చెప్పమంటాను.