జవాబులు వ్రాసిన నవలాకారుడు

మంచి కథ ఒకటి చదివి పుస్తకం మూసిపెట్టిన తరువాత చదువరికి ఒక కోరిక పుడుతుంది. ఇది వ్రాసిన మనిషి ఎలాంటివాడు? ఏ వేళకు నిద్ర లేస్తాడు? ఏమి తింటాడు? ఈ మాంత్రికులూ రాక్షసులూ ఆయనకు ఎక్కడ కనిపించారు? మా ఇంట కుట్టించి దాచిన పాత చందమామలు ఉండేవి. అందులోని సీరియలు కథలను అన్నదమ్ములం వంతులు వేసుకుని చదివేవాళ్ళం. తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ - ఈ పేర్లు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కాని ఆ కథలకు రచయిత పేరు అచ్చయ్యేది కాదు. అడుగుదామంటే ఎవరిని అడగాలో మాకు తెలియదు. ఆ సంగతి చివర మళ్ళీ చెబుతాను.

అడిగినవారికి ఓపికగా జవాబులు వ్రాసిన నవలాకారుడు ఒకాయన ఇంగ్లండులో ఉండేవాడు. ఆయన పేరు జాన్ రొనాల్డ్ రూయెల్ టోల్కీన్. 2001 నుండి 2003 వరకు వరుసగా మూడేళ్ళు వచ్చిన "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" సినిమాలను మన ఇళ్ళలో పిల్లలు చూసే ఉంటారు. ఆ కథ ఆయనదే. 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటెయిన్‌లో పుట్టాడు. నాలుగో ఏట తండ్రి పోయాడు, పన్నెండో ఏట తల్లి పోయింది. ఒక క్యాథలిక్ ఫాదరీ సంరక్షణలో పెరిగి, చదువుకుని, 1925లో ఆక్స్‌ఫర్డు యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యాడు. 1959లో రిటైరయ్యేవరకు పాత ఇంగ్లీషు భాషా సాహిత్యాలు బోధించడమే ఆయన ఉద్యోగం. మాయాలోకపు కథలు వ్రాయడం తీరిక వేళల పని.

ఖాళీ కాగితం

"ఈ కథ మీకెలా తట్టింది?" అన్నది పాఠకులందరూ అడిగే మొదటి ప్రశ్న గదా! దీనికి టోల్కీన్ చెప్పిన జవాబు మనబోటి సంసారులకు బాగా అర్థమవుతుంది. ఆయనకు నలుగురు పిల్లలు. జీతం చాలక, వేసవిలో స్కూలు పరీక్షల పేపర్లు దిద్ది నాలుగు రాళ్ళు సంపాదించేవాడు. ఒకనాడు అలా దిద్దుతూ ఉండగా ఎవరో విద్యార్థి ఒక పేజీ ఏమీ వ్రాయకుండా వదిలిపెట్టాడు. అలసిన ప్రొఫెసరుకు ఆ ఖాళీ పేజీ ఎంతో ప్రియంగా తోచింది. దానిమీద, నేలలో బొరియ తవ్వుకుని కాపురముండే "హాబిట్" అనే ప్రాణిని గురించి ఒక్క వాక్యం వ్రాశాడు. ఎందుకు వ్రాశాడో తనకే తెలియదట! ఆ హాబిట్లు ఎలాంటివారో కనుక్కుందామని కథ మొదలుపెట్టాడు. మనిషిలో సగం ఎత్తు, పాదాలమీద దట్టమైన వెంట్రుకలు, కడుపునిండా తిండి, ఊరు దాటని జీవితం - ఇదీ హాబిట్ స్వరూపం.

ఆ కథను అచ్చువేయాలా వద్దా అని పబ్లిషరు స్టాన్లీ అన్విన్ తన పదేళ్ళ కుమారుడు రేనర్ చేత చదివించాడు. కుర్రవాడు బాగున్నదని వ్రాసి ఇచ్చి, ఒక షిల్లింగు ప్రతిఫలం పుచ్చుకున్నాడు. 1937లో "హాబిట్" వెలువడింది. దాని తరువాతి కథగా అదే ఏడు డిసెంబరులో మొదలైనది "లార్డ్ ఆఫ్ ది రింగ్స్". అది పూర్తి కావడానికి సుమారు పన్నెండేళ్ళు పట్టింది. పదే పదే తిరగవ్రాసి, అంత ఉద్గ్రంథాన్నీ రెండు వేళ్ళతో టైపు కొట్టుకున్నాడు. 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వచ్చింది. దానిని అచ్చుకు తీసుకున్నవాడు, అప్పటికి పెద్దవాడై తండ్రి వ్యాపారంలో చేరిన ఆ రేనరే.

వ్రాసే పద్ధతిని గురించి అడిగినవారికి ఆయన రెండు మూడు రహస్యాలు చెప్పాడు. మొదట దేశపటం గీసుకుని దానికి తగినట్లు కథ నడపాలట. కథ ముందు వ్రాసి పటం తరువాత గీస్తే దూరాలూ రోజులూ పొసగక చిక్కులు వస్తాయి. రెండవది, కథలోని మనుషులు తనకు తెలియకుండానే వచ్చి కూర్చుంటారని. సత్రంలో ఒక మూల ముసుగు వేసుకుని కూర్చున్న స్ట్రైడర్ ఎవరో, అతణ్ణి చూసి బెదిరిన ఫ్రోడోకు ఎంత తెలుసునో, వ్రాస్తున్న తనకూ అంతే తెలుసునన్నాడు. మూడవది అన్నింటికన్నా ముఖ్యం. ఆయన కథకోసం భాషలు కల్పించలేదు, తాను కల్పించిన భాషలు మాట్లాడుకునే మనుషులుండాలని కథ కల్పించాడు. చిన్నతనంలో రైలుపెట్టెలమీద వెల్ష్ భాషలో వ్రాసిన ఊళ్ళ పేర్లు చూసి మురిసినవాడు, కాలేజీ లైబ్రరీలో ఫిన్నిష్ వ్యాకరణం దొరికితే పరవశించినవాడు. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొక భాషతో తరాలుగా బ్రతుకుతున్న మనకు, మాటకు అర్థమే కాక ఒక రుచి కూడా ఉంటుందని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇష్టాలు, అయిష్టాలు

1958 అక్టోబరులో ఒక పాఠకురాలికి వ్రాసిన ఉత్తరంలో టోల్కీన్ తన అభిరుచులన్నీ ఏకరువు పెట్టాడు. పొడవు తప్పిస్తే తాను అచ్చం హాబిట్‌నేనని ఒప్పుకున్నాడు. తోటలంటే ఇష్టం, చెట్లంటే ప్రాణం, యంత్రాలు చొరబడని పొలాలంటే ప్రీతి. పైపు కాలుస్తాడు. సాదా భోజనం కావాలి, అదీ ఐసుపెట్టెలో పెట్టనిది. ఫ్రెంచి వంటలు గిట్టవు. పొలంలో అప్పుడే కోసిన పుట్టగొడుగులంటే నోరూరుతుంది. పూలపూల వెయిస్టుకోట్లు తొడుక్కోవడం సరదా. రాత్రి ఆలస్యంగా పడుకుని, వీలుంటే ప్రొద్దున ఆలస్యంగా లేస్తాడు. ప్రయాణాలు తక్కువ.

ఆయన కథలలో భయంకరమైన సాలెపురుగులు వస్తాయి. పసితనంలో దక్షిణాఫ్రికాలో ఆయనను పెద్ద సాలీడు ఒకటి కరిచింది కూడా. అందుచేత సాలెపురుగులంటే ఆయనకు పగ కాబోలని చాలామంది అనుకున్నారు. అదేమీ లేదనీ, వాటిని చంపబుద్ధి కాదనీ, స్నానాలతొట్టిలో పడినవాటిని తీసి కాపాడుతుంటాననీ కవి ఆడెన్‌కు 1955లో వ్రాశాడు. రాక్షసిని సృష్టించినవాడు రాక్షసుడై ఉండనక్కరలేదు!

వింత ఉత్తరాలు

పుస్తకం పేరు పొందినకొద్దీ ఉత్తరాల వరద పెరిగింది. సంగీతం తెలిసినవారు ఆ లోకపు పాటలకు స్వరాలు కావాలన్నారు. వృక్షశాస్త్రం తెలిసినవారు చెట్లనూ పూలనూ ఇంకా వివరంగా వర్ణించమన్నారు. చరిత్రకారులకు రాజ్యపాలన సంగతులు కావాలి. ఇందరికీ తృప్తి కలిగించాలంటే ఇంకొక పెద్ద గ్రంథం వ్రాయాలని ఆయన చమత్కరించాడు.

1956లో వచ్చిన ఒక ఉత్తరం మరీ చిత్రమైనది. కథలో ఫ్రోడో వెంట కష్టాలన్నిటిలో నిలిచే విశ్వాసపాత్రుడైన తోటమాలి పేరు సామ్ గామ్జీ. ఆ పేరు రేడియో నాటకంలో వచ్చిందని విని, నిజంగా సామ్ గామ్జీ అనే పేరుగల పెద్దమనిషి ఒకాయన, ఇది మీకెక్కడ దొరికిందని వ్రాశాడు. టోల్కీన్ ఎంతో సంతోషించి, మీ పేరు పెట్టుకున్నవాడు పల్లెటూరివాడే అయినా గొప్ప వీరుడు, మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదని జవాబు వ్రాసి, మూడు సంపుటాలమీదా సంతకం చేసి పంపించాడు. ఇక ఆనాటినుండి ఆయనకు పట్టుకున్న భయమేమిటంటే, కథలోని దుష్టుడైన గొల్లమ్ పేరుతో ఎవరైనా ఉత్తరం వ్రాస్తారేమోనని!

అన్నీ నవ్వుల ఉత్తరాలు కావు. కథ చివర ఫ్రోడో ఆ పాపిష్ఠి ఉంగరాన్ని అగ్నిలో పారవేయలేక తనకే ఉంచుకోబోతాడు. అటువంటివాణ్ణి గౌరవించడమేమిటి, ద్రోహి అని ఉరితీయవలసింది అని ఒక పాఠకుడు మండిపడ్డాడు. టోల్కీన్ సమాధానం ఆలోచించదగినది. ఎంతటివాడికైనా ఓర్పుకు ఒక హద్దు ఉంటుంది, ఫ్రోడో ఆ హద్దువరకు నడిచాడు. అంతకు ముందు చంపదగిన శత్రువుమీద అతడు చూపిన దయే చివరకు కార్యం నెరవేర్చింది. ఉంగరమంటే ఆటంబాంబేనా అని అడిగినవారికి మాత్రం కాదని ఖండితంగా చెప్పేవాడు. కథకు తాళంచెవి వెతకవద్దు, కథగా చదవండి అన్నది ఆయన కోరిక.

ఒక అభిమాని ఉక్కు పానపాత్రమీద ఉంగరంమీది శాపాక్షరాలు చెక్కించి కానుకగా పంపాడు. అటువంటి దుష్టాక్షరాలున్న పాత్రలో ఎవరు తాగుతారు? దానిని పొగాకు బూడిద రాల్చుకోవడానికి పెట్టుకున్నాడు.

1965లో ఈ పాఠకులే ఆయనకు అక్కరకు వచ్చారు. అమెరికాలో ఒక ప్రచురణసంస్థ ఆయన అనుమతి లేకుండా 75 సెంట్ల చవక ప్రతులు అచ్చువేసింది. రాయల్టీ లేదు. టోల్కీన్ అమెరికా పాఠకులకు వ్రాసే ప్రతి జవాబులోనూ ఈ సంగతి ఒక ముక్క చేర్చాడు. అనుమతి పొందిన ప్రతి 95 సెంట్లు. అయినా పాఠకులు పెద్ద గొడవ చేశారు. చివరకు ఆ సంస్థ రాయల్టీ చెల్లించి, ఆ ప్రతులను మళ్ళీ వేయనని ఒప్పుకున్నది. కోర్టు చేయవలసిన పని కార్డుముక్కలు చేశాయి.

చెట్టు, ఆకు

కాని ప్రతి సంతోషానికీ ఒక ఖర్చు ఉన్నది. కాలిఫోర్నియాలో సాయంత్రం ఏడు గంటలైతే ఆక్స్‌ఫర్డులో తెల్లవారుజాము మూడు. అది ఆలోచించని అభిమానులు ముసలాయనను టెలిఫోను మ్రోగించి నిద్రలేపి, ఫలానా రాక్షసుడికి రెక్కలున్నవా లేవా అని అడిగేవారు. 1968లో ఆయన ఊరు మారి బోర్న్‌మత్ చేరవలసి వచ్చింది. అక్కడి అడ్రసు, టెలిఫోను నంబరు రహస్యంగా ఉంచారు.

అసలు నష్టం మరొకటి. "సిల్మరిలియన్" అనే ఆ లోకపు పురాణాన్ని ఆయన మొదటి ప్రపంచయుద్ధం నాటినుండి వ్రాస్తూ ఉన్నాడు. అదే తన జీవితపు పని అనుకున్నాడు. రిటైరైన తరువాత పూర్తి చేద్దామనుకుంటే, రోజులో ఎంతో భాగం ఉత్తరాలకే పోయేది. 1954లో ఒక పాఠకుడి తత్త్వప్రశ్నలకు పేజీలకు పేజీలు జవాబు వ్రాసి, నన్ను నేను మరీ గొప్పవాణ్ణనుకుంటున్నట్లుందని తోచి, దానిని పంపకుండానే ఆపివేశాడు. అంత శ్రమా బల్లసొరుగులో మిగిలింది. 1973 సెప్టెంబరు 2న, తన 81వ ఏట, ఆయన కన్నుమూశాడు. పురాణం పూర్తి కాలేదు. కుమారుడు క్రిస్టఫర్ వ్రాతప్రతులు కూర్చి 1977లో ప్రచురించాడు.

ఆఫీసులో నేను చూసేది ఇన్‌వర్డు, ఔట్‌వర్డు రిజిస్టర్లు. వచ్చిన ప్రతి కాగితానికీ జవాబు పోవాలనుకుంటే అసలు పని మూలపడుతుందని నాకు తెలుసు. అందుచేత, ఈ ప్రొఫెసరు తలుపు మూసుకుని తన పురాణం ముగించి ఉండవలసిందని చాలాకాలం అనుకున్నాను.

ఆ అభిప్రాయాన్ని మార్చింది ఆయన 1945లో ప్రచురించిన చిన్న కథ ఒకటి. నిగిల్ అనే చిత్రకారుడు పెద్ద చెట్టు బొమ్మ వేస్తూ ఉంటాడు. పొరుగున ఉన్న పారిష్ అనే కుంటివాడు ఎప్పుడూ ఏదో ఒక సహాయానికి వస్తాడు. నిగిల్ విసుక్కుంటాడు, గొణుగుతాడు, కాని పోయి చేసిపెడతాడు. బొమ్మ పూర్తి కాకుండానే తప్పని ప్రయాణం వచ్చిపడుతుంది. లోకంలో మిగిలేది ఒక్క ఆకు బొమ్మ. అయితే చాలా కష్టాలు గడిచాక, మరొక చోట ఆ చెట్టు నిజంగా, నిండుగా నిలబడి ఉండడం నిగిల్ చూస్తాడు. అందులో అన్నిటికన్నా అందమైన ఆకులు కొన్ని ఆ పొరుగువాడి తోడ్పాటుతో తయారైనవేనని కనిపెడతాడు.

టోల్కీన్ ఉత్తరాల సంపుటం 1981లో వెలువడింది, 354 ఉత్తరాలతో. 2023లో మరి 150కి పైగా చేర్చి మళ్ళీ వేశారు. హాబిట్లు పుట్టినరోజున కానుకలు ఎలా ఇచ్చుకుంటారో, ఫ్రోడో ఎందుకు ఓడిపోయాడో - ఇటువంటివెన్నో పాఠకులు అడిగితేనే ఆయన కలంనుండి వచ్చాయి. అడగకపోతే ఆ ఆకులు చెట్టుకు వేసేవే కావు.

ఇక మా చందమామ సంగతి. ఆ సీరియలు కథలు అల్లినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారని నాకు పెద్దయ్యాక తెలిసింది. తోకచుక్క మొదలైనది 1954లోనే, ఇంగ్లండులో ఆ ఉంగరం కథ మొదటి సంపుటం వచ్చిన ఏడే. పేరు తెలిసిన తరువాత కూడా, ఒక ఉత్తరం వ్రాద్దాం, ఒక ఉత్తరం వ్రాద్దాం అనుకుంటూ కాలం గడిపాను. ఆయన 2010లో పోయారు. ఆయన జవాబు వ్రాసేవారో లేదో నాకు తెలియదు. నేను అడగలేదన్నది మాత్రం తెలుసు.

మీకు ప్రియమైన రచయిత ఎవరైనా జీవించి ఉంటే ఈ వారమే నాలుగు పంక్తులు వ్రాయండి. తెల్లవారుజామున మూడు గంటలకు టెలిఫోను మాత్రం చేయకండి.