ఉచిత విద్యుత్తు - బోరుబావి లెక్క

మన అనంతపురపు మెట్టసీమలో సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. చెఱువును నమ్ముకొనిన దినములు పోయి, రైతు నేడు బోరుబావిని నమ్ముకొని యున్నాడు. ఆ బావికి ప్రాణము విద్యుత్తు. దాని వెల యెట్లు మాఱుచు వచ్చినదో సంఘ సభ్యులు తెలిసికొనవలెను.

పూర్వము మీటరు చూపిన లెక్కకు సొమ్ము చెల్లించుచుండిరి. 1980 దశకారంభమున మీటరు లెక్క పోయి, మోటారు అశ్వశక్తినిబట్టి యేటికింత యను పద్ధతి వచ్చెను. ఎంతసేపు త్రిప్పినను రుసుము ఒక్కటే. 2000 సంవత్సరమున ఛార్జీలు పెంపగా ఆందోళన రేగి, ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీర్‌బాగునందు పోలీసు కాల్పులలో ప్రాణనష్టము కలిగెను. 2004 మే 14వ తేదీన ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన వై. యస్. రాజశేఖరరెడ్డిగారు ఉచిత విద్యుత్తు దస్త్రముపైననే తొలి సంతకము చేసిరి. నాటినుండి ఆ వ్యయభారము ప్రభుత్వ సబ్సిడీపై పడినది.

ఉచితమును నిందించుట మా యుద్దేశము కాదు. కాలువ క్రింది రైతు స్వల్పమైన నీటితీరువతో పైరు తడుపుకొనుచుండగా, బోరు రైతు తన సొమ్ముతో త్రవ్వించి, తన సొమ్ముతో మోటారు దింపి, మరల కరెంటునకును చెల్లించుట న్యాయమా? పట్టణమున పంకా క్రింద కూర్చుండి రైతును దూఱువారు దీనికి బదులు చెప్పవలెను.

అయినను ఒక లెక్క చూడుడు. అశ్వశక్తి యనగా 746 వాట్లు. 5 అశ్వశక్తుల మోటారు 7 గంటలు తిరిగిన, నష్టములు గణింపకయే 26 యూనిట్లగును. నీటిమట్టము 100 అడుగులనుండి 200 అడుగులకు దిగినచో, అంతే నీటిని ఎత్తుటకు రెట్టింపు శక్తి కావలెను. బిల్లు రాదు గనుక ఆ రెట్టింపు మన కంటబడదు. అది బోరు ఎండుటగను, క్రొత్త బోరు కొఱకు చేసిన అప్పుగను ఇంటికి వచ్చును. మనది బండరాతి నేల. నీరు రాతి పగుళ్ళలోనే నిలుచును. పొరుగువాని బావియు నా పగుళ్ళనుండియే తోడును. ఒకడు మానిన మఱియొకడు తోడుకొనును. వెల యను కళ్ళెము లేనిచోట ఒప్పందమను కళ్ళెము వేసికొనక తప్పదు.

ఇది జరుగని పని కాదు. 2003లో ఆరంభమైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకము క్రింద, అనంతపురముతో కూడ ఏడు కరవు జిల్లాలలో రైతులే వాననీటిని, బావుల మట్టమును కొలిచి, రబీకి ముందు ఊరి నీటి పద్దు వేసిరి. పైరు విషయమున నిర్బంధము లేదు. పద్దు చూచి ఎవరికి వారే నిర్ణయించుకొనిరి.

మన సంఘమునకు 200 లీటర్ల పీపాయు, గడియారమును చాలును. పీపా 100 సెకనులలో నిండినచో నిమిషమునకు 120 లీటర్లు, 7 గంటలకు 50,400 లీటర్లు. ఎకరముపై సమముగా పఱచిన, అది 12 మిల్లీమీటర్ల వానకు మాత్రమే సమానము. సభ్యులు తమ బోరు పీపాను నింపు కాలమును, బోరు లోతును, వేయదలచిన పైరును చీటిపై వ్రాసి, రబీ విత్తనమునకు ముందు జరుగు సమావేశమునకు తీసికొని రావలెను.