డిగ్రీలు సరే, ఏ డిగ్రీలు?



మనకు జ్వరం వస్తే థర్మామీటరు చూసి "నూట రెండు ఉంది" అంటారు. మే నెలలో రెంటచింతల ఎండ "నలభై అయిదు డిగ్రీలు" అని వార్తల్లో చెబుతారు. అంతమాత్రాన జ్వరం ఒళ్ళు ఆ ఎండకు రెట్టింపు వేడి అని ఎవరూ అనుకోరు. మొదటిది ఫారన్‌హీట్ కొలత, రెండోది సెల్సియస్. 102 ఫారన్‌హీట్ అంటే సుమారు 39 సెల్సియస్ మాత్రమే. జ్వరమూ ఎండా మనకు అలవాటే కాబట్టి కొలత పేరు చెప్పకపోయినా ఇబ్బంది లేదు. కొత్త పనిలో అలా కుదరదు. ఓవెన్ వంట అలాంటిదే.

మనలో చాలామంది ఇళ్ళలో ఓవెన్ లేదు. అమ్మ మంట చూసి, పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగి సెగ తగ్గిస్తుంది. అక్కడ అంకెతో పనిలేదు. ఓవెన్‌కు మాత్రం అంకె పెట్టాలి. మనలో కొందరు రేపు బేకరీలో చేరవచ్చు, హోటల్ మేనేజ్‌మెంట్ చదవవచ్చు, గల్ఫ్‌కో అమెరికాకో వెళ్ళవచ్చు. అందుకే ఈ లెక్క తెలిసి ఉండాలి.

అమెరికా వంట పుస్తకాల్లో కేకుకు తరచుగా "350 డిగ్రీలు" అని ఉంటుంది. అది ఫారన్‌హీట్. మన దేశంలో అమ్మే ఓవెన్ల మీద ఎక్కువగా ఉండేది సెల్సియస్. ఇంటి ఓవెన్లు చాలావరకు 250 దగ్గర ఆగిపోతాయి కాబట్టి అనుమానమైనా వస్తుంది. అంతకన్నా పైకి వెళ్ళే పెద్ద ఓవెన్‌లో 350 అనే పెడితే కేకు పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. అలాగే 180 సెల్సియస్ కావలసిన వంటను ఫారన్‌హీట్ ఓవెన్‌లో 180 దగ్గర పెడితే, అది 82 సెల్సియస్ మాత్రమే. నీళ్ళు మరిగే వేడి కూడా కాదు. పిండి, వెన్న, గుడ్లు అన్నీ వృథా. మాట పడేది కొత్తగా చేరినవాడు.

హైస్కూల్లో మనం బట్టీపట్టిన సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. ఫారన్‌హీట్ అంకెలోంచి 32 తీసి, 5తో గుణించి, 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. 350 లోంచి 32 తీస్తే 318. దాన్ని 5తో గుణిస్తే 1590. 9తో భాగిస్తే సుమారు 177. ఓవెన్‌ను 180 దగ్గర పెడితే చాలు.

ఈ 32, 5, 9 ఎక్కడివి? నీరు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0 దగ్గర, ఫారన్‌హీట్‌లో 32 దగ్గర. మరిగేది సెల్సియస్‌లో 100, ఫారన్‌హీట్‌లో 212 దగ్గర. అంటే అదే దూరాన్ని ఒకరు 100 భాగాలు చేస్తే ఇంకొకరు 180 భాగాలు చేశారు. 100కు 180 అంటే 5కు 9. మొదలయ్యే చోటు వేరు కాబట్టి 32 తీసేస్తున్నాం. ఫారన్‌హీట్ తన కొలతను ప్రకటించింది 1724లో, సెల్సియస్ 1742లో. విచిత్రం ఏమిటంటే సెల్సియస్ మొదట నీరు మరిగేచోట 0, గడ్డకట్టేచోట 100 పెట్టాడు. తర్వాత దాన్ని తిరగేశారు.

చేతిలో కాగితం లేకపోతే ఒక చిట్కా ఉంది. 300 నుంచి 400 ఫారన్‌హీట్ వరకు సగం చేస్తే దాదాపు సరిపోతుంది. 300కు 150, 400కు 200. అసలు లెక్క 149, 204. 320 దగ్గర సరిగ్గా సగమే, 160. జ్వరానికి మాత్రం ఈ చిట్కా వాడకండి. 102లో సగం 51 అవుతుంది!

బ్రిటన్ వంట పుస్తకాల్లో "గ్యాస్ మార్క్ 4" వంటి మాట కూడా కనబడుతుంది. అక్కడి గ్యాస్ ఓవెన్ల మీద ఉండే అంకె అది. మార్క్ 1 అంటే 275 ఫారన్‌హీట్. ఒక్కో మార్క్‌కు 25 చొప్పున పెరుగుతుంది. రాసిపెట్టుకోవడానికి:

గ్యాస్ మార్క్ 2: 300 ఫారన్‌హీట్, 150 సెల్సియస్
గ్యాస్ మార్క్ 4: 350 ఫారన్‌హీట్, 180 సెల్సియస్
గ్యాస్ మార్క్ 6: 400 ఫారన్‌హీట్, 200 సెల్సియస్
గ్యాస్ మార్క్ 8: 450 ఫారన్‌హీట్, 230 సెల్సియస్

ఇవి ఫ్యాను లేని ఓవెన్లకు. లోపల ఫ్యాను తిరిగే ఓవెన్‌లో వేడిగాలి త్వరగా తగులుతుంది కాబట్టి 20 సెల్సియస్ తగ్గించాలి.

ఇక తికమక పెట్టే సంగతి ఒకటి. "గాజు పాత్ర వాడితే 25 డిగ్రీలు తగ్గించండి" అని అమెరికా పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ 32 తీయకూడదు. 25 అనేది వేడి కాదు, రెండు వేడిల మధ్య తేడా. తేడాకు మొదలుతో పనిలేదు. 25ను 5తో గుణించి 9తో భాగిస్తే సుమారు 14. అంతే తగ్గించాలి. 32 తీస్తే సున్నా కన్నా తక్కువ వస్తుంది. సూత్రం బట్టీపట్టినవాళ్ళకు, అర్థం చేసుకున్నవాళ్ళకు తేడా ఇక్కడే తెలుస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు లేని మనలాంటివాళ్ళం బయట అడగడానికి మొహమాటపడతాం. అడిగితే ఏమీ తెలియదనుకుంటారని తల ఊపేస్తాం. కానీ "ఇది ఫారన్‌హీటా, సెల్సియసా?" అని అడిగేవాడికి కొలతలు రెండున్నాయని తెలుసు. తెలిసినవాడే అలా అడగగలడు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వంటగదిలోనైనా, ప్రయోగశాలలోనైనా, రేపటి ఉద్యోగంలోనైనా ఎవరైనా ఒట్టి అంకె చెబితే, పని మొదలుపెట్టక ముందే ఆ ఒక్క ప్రశ్న అడగండి.