సబర్బన్ వెనక కుంగుతోందా? షాక్స్ ఆర్డర్ పెట్టేముందు గ్లోవ్ బాక్స్ తెరవండి

ఇవాళ్టి ఎపిసోడ్ అమెరికాలో సెకండ్ హ్యాండ్ పెద్ద ఎస్‌యూవీ కొన్నవాళ్ల కోసం, కొనబోతున్నవాళ్ల కోసం. షెవర్లే టాహో, సబర్బన్, జీఎంసీ యూకాన్. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఏడుగురం ఒకే బండిలో వెళ్లొచ్చని మనవాళ్లు చాలామంది వీటినే చూస్తారు. 2007 నుంచి 2014 వరకు వచ్చిన మోడల్స్ గురించి మాట్లాడుకుందాం. ఈ వయసు బళ్లలో వెనక కుంగడం, గతుకులో పడితే ఆగకుండా ఊగడం మామూలే.

మామూలుగా ఏం జరుగుతుందంటే, షాప్‌లో "షాక్స్ పోయాయి" అంటారు. మనం వెంటనే ఫోన్ తీసి, చవగ్గా కనిపించిన జత ఒకటి ఆర్డర్ పెట్టేస్తాం. బిగించాక ఊగడం తగ్గుతుంది. కానీ లగేజ్ పెట్టి జనం ఎక్కగానే వెనక మళ్లీ కూలబడుతుంది. డబ్బులు పోయాయి, సమస్య మాత్రం పోలేదు. ఎందుకు?

ముందు ఒక బేసిక్ విషయం. బండి బరువు మోసేది స్ప్రింగు. షాక్ అబ్జార్బర్, మన ఊళ్లో షాకబ్జర్ అంటాం కదా, దాని పని ఆ స్ప్రింగు ఊగకుండా ఆపడం. లోపల ఆయిల్ ఉంటుంది, పిస్టన్ ఉంటుంది. సన్నటి రంధ్రాల్లోంచి ఆయిల్ కష్టంగా వెళ్తుంది కాబట్టి ఊపు తగ్గుతుంది. అంటే మామూలు షాక్ పోతే బండి ఊగుతుంది, అంతేగానీ కుంగదు. కుంగుతోందంటే స్ప్రింగు అయినా అలిసిపోయి ఉండాలి, లేదా మీ బండిలో ఉన్నది మామూలు షాక్ కాకపోయి ఉండాలి. ఈ రెండో సంగతే చాలామందికి తెలియదు.

ఈ బళ్లలో వెనక షాక్స్ ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది మామూలు షాక్. వైరు ఉండదు, గాలి పైపు ఉండదు. పోతే బిల్‌స్టీన్, కేవైబీ, మన్రో లాంటి కంపెనీల్లో మీ మోడల్‌కి సరిపోయేది కొనుక్కోవచ్చు. టెన్షన్ లేదు.

రెండోది నివోమ్యాట్. జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ తన శాక్స్ బ్రాండ్ కింద చేస్తుంది. చూడ్డానికి మామూలు షాక్ కంటే లావుగా ఉంటుంది. దీనికీ వైరు, పైపు, మోటారు ఏమీ ఉండవు. బండి నడుస్తుంటే వచ్చే కుదుపులతోనే లోపలి పంపు ఆయిల్‌ని ఎక్కించి వెనక భాగాన్ని పైకి లేపుతుంది. అందుకే లోడ్ చేసి నిలబెట్టిన బండిని చూసి "కుంగింది" అని డిసైడ్ అవ్వకండి. ఒకటి రెండు మైళ్లు నడిపి, అప్పుడు చూడండి. అప్పటికీ లేవకపోతే, ఆయిల్ కారిన మరకలు కూడా ఉంటే, అది పోయినట్టే. ఇక్కడే అసలు తిరకాసు. నివోమ్యాట్ కొంత బరువు మోస్తుంది కాబట్టి దానికి జతగా కంపెనీ మెత్తటి స్ప్రింగు పెడుతుంది. మీరు దాన్ని తీసేసి మామూలు షాక్ పెడితే, ఆ బరువంతా మెత్తటి స్ప్రింగు మీదే పడుతుంది. వెనక కుంగకుండా ఏం చేస్తుంది? కాబట్టి నివోమ్యాట్ ప్లేస్‌లో మళ్లీ నివోమ్యాట్ అయినా పెట్టాలి, లేదంటే మామూలు షాక్స్‌తో పాటు గట్టి స్ప్రింగులు కూడా మార్చాలి. సగం పని చేస్తే సగం డబ్బు వేస్ట్.

మూడోది ఆటోరైడ్. ఎల్‌టీజెడ్, డెనాలీ లాంటి పై ట్రిమ్స్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి వైరూ ఉంటుంది, గాలి పైపూ ఉంటుంది. కింద ఉన్న చిన్న కంప్రెసర్ వెనక షాక్స్‌లోకి గాలి నింపి బండిని లెవెల్‌గా ఉంచుతుంది. షాక్ మీది రబ్బరు తిత్తి పాతబడి పగిలితే గాలి లీకవుతుంది. ఆ లోటు తీర్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి చివరికి కాలిపోతుంది. అందుకే కంప్రెసర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది. ముందు సబ్బు నీళ్లు చల్లి చూడండి, బుడగలు ఎక్కడొస్తే లీకు అక్కడ. దీన్ని మామూలు షాక్స్‌కి మార్చే కన్వర్షన్ కిట్లు కూడా దొరుకుతాయి. కాకపోతే వైరు ఊరికే పీకేస్తే డ్యాష్‌బోర్డ్ మీద సస్పెన్షన్ సర్వీస్ వార్నింగ్ వస్తుంది. దాన్ని ఆపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కిట్‌లో ఉందా, వెనక స్ప్రింగులు కూడా ఇస్తున్నారా అని అడిగి కొనండి.

మీ బండిలో ఏది ఉందో ఎలా తెలుస్తుంది? గ్లోవ్ బాక్స్ తెరవండి. లోపల తెల్ల స్టిక్కర్ మీద మూడేసి అక్షరాల కోడ్‌లు బోలెడు ఉంటాయి. జెడ్55 అని ఉంటే ఆటోరైడ్. జెడ్‌డబ్ల్యూ7 అని ఉంటే నివోమ్యాట్ ఉండే అవకాశం ఎక్కువ. కానీ మీకంటే ముందున్న ఓనర్ మార్చేసి ఉండొచ్చు. కాబట్టి కిందికి వంగి వెనక చక్రం దగ్గర కూడా ఒకసారి చూడండి. వైరు ఉందా, పైపు ఉందా, షాక్ లావుగా ఉందా? ఫోన్‌లో రెండు ఫోటోలు తీసి పెట్టుకుంటే షాప్‌లో ఎవరూ మిమ్మల్ని బురిడీ కొట్టించలేరు.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా క్లియర్ చేసుకుందాం. లెవెలింగ్ కిట్ అని సెర్చ్ చేస్తే ఎక్కువగా వచ్చేవి ముందు భాగాన్ని పైకి లేపే కిట్లు. ఖాళీ బండి ముందు కాస్త కిందికి ఉంటుంది కదా, దాన్ని రెండంగుళాల దాకా లేపి సమానం చేస్తాయి. లుక్ కోసం అయితే ఓకే. కానీ వెనక ఇప్పటికే కుంగుతున్న బండికి ఇది పెడితే లోడ్‌తో ముక్కు ఆకాశం చూస్తుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. మీకు కావాల్సింది వెనక లోడ్ లెవెలింగ్.

మామూలు షాక్స్ ఉండి, ఏడాదికి రెండు మూడు ట్రిప్పులకే లోడ్ చేసేవాళ్లకి ఒక తేలికైన దారి ఉంది. వెనక కాయిల్ స్ప్రింగు లోపల పట్టే గాలి బ్యాగులు. ఉదాహరణకి ఎయిర్ లిఫ్ట్ 1000. ఖాళీగా ఉన్నప్పుడు 5 పీఎస్ఐ, లోడ్‌ని బట్టి 35 పీఎస్ఐ దాకా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. వెనక లేచింది కదా అని బండి మోసే కెపాసిటీ పెరగదు. గాలి బ్యాగు పెట్టినా, కొత్త నివోమ్యాట్ పెట్టినా బ్రేకులు అవే, యాక్సిల్ అదే, టైర్లు అవే. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో రాసి ఉంటుంది. లెక్క వేసుకోండి. ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున ఏడుగురంటేనే 1,050. ఆపైన సూట్‌కేసులు, కూలర్, పచ్చళ్ల డబ్బాలు! ట్రైలర్ తగిలిస్తే దాని బరువులో 10 నుంచి 15 శాతం వెనక హుక్ మీద పడుతుంది, అదీ కలపాలి. బండి లెవెల్‌గా కనిపించడం వల్ల ఓవర్‌లోడ్ మన కంటికి ఆనదు. దిగుడు రోడ్డు మీద బ్రేక్ నొక్కినప్పుడే తెలుస్తుంది.

చివరగా ఫిట్టింగ్. షాక్స్ ఎప్పుడూ జతగా మార్చండి. ఈ మోడల్స్‌లో వెనక షాక్, స్ప్రింగు వేర్వేరుగా ఉంటాయి. మామూలు షాక్ అయితే టూల్స్ ఉన్నవాళ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. ముందు వైపు మాత్రం షాక్ చుట్టూ స్ప్రింగు బిగించి ఉంటుంది. నొక్కిపెట్టిన ఆ స్ప్రింగు జారితే ప్రాణాపాయం, అది షాప్‌కే వదిలేయండి. ముందువి మార్చాక అలైన్‌మెంట్ చేయించండి.

సో, ఆర్డర్ గుర్తుపెట్టుకోండి. ముందు గ్లోవ్ బాక్స్ స్టిక్కర్, తర్వాత చక్రం వెనక ఒక చూపు, ఆ తర్వాత డోర్ స్టిక్కర్ లెక్క. ఈ మూడూ అయ్యాకే కార్డ్ తీయండి. ఈసారి అమ్మానాన్నలు థర్డ్ రోలో కూర్చున్నా ప్రయాణం హాయిగా సాగాలి. ఉంటానండీ, సేఫ్‌గా డ్రైవ్ చేయండి.